మువ్వలోల్ల గోడ

ఎల్లారెడ్డి
6 ఆగస్టు 2024

ఉమర్‌కు,

నీ తండ్రి బషీర్‌ను చంకనేసుకుని పెంచిన అక్క, నీ ఫుప్పు రుఖియా దీవించి రాయించేది. దీవెన ఇంతవరకే. ఇక మీద తిట్లుంటాయి, కూర్చుని చదువు.

నాకు అక్షరం రాదని నీకు తెలుసు. నేను చెప్తుంటే మా వెనకింటి ఏసయ్య కోడలు సుధారాణి రాస్తున్నది. అంగన్‌వాడీ టీచరు. నా నోట్లో 'గట్ల' అని వస్తే దాని పెన్నులో 'అట్లా' అని పడుతుంది. చదువుకున్న పిల్ల, దిద్దుకోనీ అనుకున్నాను. తిట్లు మాత్రం దిద్దొద్దన్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్ చేస్తే నువ్వు 'హా ఫుప్పు, హా ఫుప్పు' అనుకుంటూ అవతల గిరాకీకి చీరలు చూపిస్తుంటావు. కాగితానికి హా అంటే సరిపోదు.

నువ్వు అచ్చు వేయించిన మన వంశం పుస్తకం అందింది. అట్ట మీద గుర్రం బాగుంది. సుధారాణి మొత్తం చదివి వినిపించింది. హద్రమౌత్ అనే అరబ్బు దేశం నుంచి నీ ముత్తాత అవద్ సాబు ఓడ ఎక్కి వచ్చాడట. మేలుజాతి గుర్రాలు, అత్తరు సీసాలు తెచ్చాడట. ఒంటి చేత్తో వ్యాపారం చేసి నైజాం రాజ్యంలో పేరు సంపాదించాడట. ఆ గుర్రాల మెడలో మువ్వలు గల్లుగల్లుమంటుంటే జనం దారి పక్కన నిలబడి చూసేవాళ్లట, అందుకే మనల్ని మువ్వలోల్లు అన్నారట. గుర్రం దగ్గరికి వచ్చేసరికి నాకు నవ్వొచ్చింది, నవ్వు దగ్గయింది, సుధారాణి నీళ్లు తెచ్చింది. అవద్ సాబు జన్మలో గుర్రం ఎక్కలేదు. ఎక్కినవాళ్లను చూసి పక్కకు జరిగేవాడు.

సరే, పుస్తకంలో ఎన్నైనా రాసుకో. కాగితం మాట వినే జాతి. నేను ఈ ఉత్తరం రాయించింది గోడ గురించి.

మన ఖబ్రస్తాన్ చుట్టూ గోడ కట్టిస్తున్నావని, మంచి పని అని అందరితో నేనే చెప్పాను. నిన్న నీ మనుషులు వచ్చి సున్నం గీత గీసి పోయారు. కర్ర పట్టుకుని పోయి చూశాను. అందరూ గీతకు లోపల ఉన్నారు, సాలవ్వ ఒక్కతే బయట పడింది. ఏసయ్య చెలక, ఆ మొక్కజొన్న చేను వైపు చివర ఉన్న సమాధి, తల దగ్గర నల్లరాయి ఉన్నది, అది. గోడ దానికి అవతల నుంచి రావాలి. ఇవతల నుంచి కాదు. నాకు కావలసింది ఇంతే.

నీ ఫుప్పు
రుఖియా వేలిముద్ర

*

కామారెడ్డి
14 ఆగస్టు 2024

గౌరవనీయులైన ఫుప్పుకు ఉమర్ సలాం.

మీ ఆరోగ్యం బాగుందని తెలిసి సంతోషం. ఇక్కడ శ్రావణమాసం గిరాకీ, తల ఎత్తే తీరిక లేదు. అయినా మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ బాధ నాకు అర్థమైంది. పుస్తకంలో మీ పేరు ఎక్కడా రాలేదు. అది నిజంగా నా పొరపాటే. మళ్లీ అచ్చు వేయించేటప్పుడు మీ ఫోటోతో ఒక పేజీ పెట్టిస్తాను. ఈలోపు ఒక శాలువా పంపిస్తున్నాను, కాశ్మీరు నుంచి వచ్చిన సరుకు.

గోడ సంగతి. ఇంజనీరు అరవింద్ గీత తిన్నగా వేశాడు. ఆ ఒక్క సమాధి కోసం గోడ వంకర తిప్పితే చూడ్డానికి బాగుండదు, పునాది కూడా ఏసయ్య చెలక గట్టుకు తగులుతుంది, రేపు వాళ్లతో గొడవ. పైగా అది మన ఇంట్లో పనిచేసిన ఆమె సమాధి అని నాన్న అనేవారు. ఆమె మీద నాకు గౌరవం లేకపోలేదు. బయట ఉన్నా ఎవరూ ముట్టరు.

ముఖ్యమైన మాట. హైదరాబాద్‌లో ఉన్న మన అరబ్బు తెగ, ఖబీలా పెద్దలు చలికాలంలో ఎల్లారెడ్డి వస్తున్నారు. మన షజ్రా, అంటే వంశావళి, చూసి మనల్ని తమ జమాత్‌లో కలుపుకుంటారు. నాన్న బతికినంతకాలం కోరుకున్నది అదే. ఇంటికి పెద్దవారు మీరు, మిమ్మల్ని తప్పకుండా పలకరిస్తారు. ఆ గుర్రాల సంగతి, మువ్వల సంగతి మీ నోటితో చెప్తే పుస్తకం కంటే ఎక్కువ నమ్ముతారు.

మీ
ఉమర్

*

ఎల్లారెడ్డి
25 ఆగస్టు 2024

ఉమర్‌కు ఫుప్పు రాయించేది.

శాలువా మెత్తగా ఉంది. మేక ఈనింది, పిల్లకు కప్పాను.

నా పేరు పుస్తకంలో లేదని నేను ఏడుస్తున్నానని నీకెవరు చెప్పారు? ఉప్పడిగితే పప్పు కొలిచే దుకాణం నీది. నేను సాలవ్వ గోడ అడిగితే నువ్వు రుఖియాకు ఫోటో ఇస్తానంటావు.

'ఇంట్లో పనిచేసిన ఆమె' అన్నావు. చేసింది. పని చేయకుండా ఇల్లు ఎట్లా లేస్తుంది? ఆమె నీ తండ్రికీ నాకూ నాయనమ్మ. నీకు ముత్తవ్వ. అవద్ సాబుకు ఖాజీ ముందు నికా అయిన ఇల్లాలు. నికాలో ఖాజీ ఏదో అరబ్బు పేరు పెట్టాడు. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు. పోను పోను ఆ పేరేమిటో పిలిచేవాళ్లకే గుర్తు లేకుండా పోయింది. ఊరికి సాలవ్వ, నాకు అవ్వ. ఆమె పక్కలో పడుకుని పెరిగినదాన్ని నేను. ఆమె నాకు చెప్పింది చెప్తాను, విను.

అవద్ తన చిన్నాయన వెంట వచ్చాడు. చిన్నాయన హైదరాబాద్‌లో నైజాం అరబ్బు సిపాయి. ఇతనికి తుపాకి పట్టుకుంటే చేతులు వణికేవి. సిపాయిగిరీ కాదని అత్తరు, సుర్మా, ఖర్జూరాలు మూటగట్టి ఊళ్లు తిరిగాడు. గాంధారి దిక్కు పల్లెల్లో అత్తరు ఎవరు కొంటారు? పేడ తీసే చేతులకు అత్తరు ఎందుకు? ఈదు పండుగకు ఒకరు, పెళ్లికి ఒకరు. అట్లా తిరిగి తిరిగి ఒక వానాకాలం జ్వరమొచ్చి దారిలో పడ్డాడు. ఏ వాకిలీ తెరుచుకోలేదు. ఊరి చివర మాదిగోళ్ల కొట్టంలోకి పాకుతూ పోయాడు. అది లందల కొట్టం. లంద అంటే నీకు తెలియదు, తోళ్లు నానబెట్టే తొట్టి. తంగేడు చెక్క దంచి పోసి తోలు ఊనుస్తారు, అంటే కుళ్లకుండా పదును చేస్తారు. ఆ వాసనకు ఊరు ముక్కు మూసుకుని పోతుంది. అత్తరు సాబు ఆ వాసనలో పండుకుని లేచాడు. గంజి పోసి లేపింది సాలవ్వ.

అతను లేచి ఆ తోళ్లు చూశాడు. కామారెడ్డికి రైలు కొత్తగా పడ్డ రోజులవి. సరుకు ఎక్కిస్తే పెద్ద పట్నాలకు పోతుంది. తోలు సరుకు కోమట్లు ముట్టరు, రెడ్లు ముట్టరు. ఇతనికి ముట్టని సరుకంటూ లేదు. కానీ తెలుగులో ఇతనికి వచ్చింది ఒకటే మాట, 'ఎంత'. ఊరూరా తిరిగి తోలు ఎవరడగాలి? సాలవ్వ అడిగింది. గాంధారి, రాజంపేట, బీబీపేట, వాడవాడకూ పోయి ఆడవాళ్లతో మాట్లాడి తెచ్చింది. ఆమె తెచ్చేది, లందలో ఆమె తండ్రీ అన్నా ఊనిచ్చేది, ఇతను బండి కట్టి రైలుకు తోలేది. నికాకు ఆమె తండ్రి ఒప్పుకున్న మాట మా అవ్వ ఎప్పుడూ చెప్పేది. "ఊరోల్లు మన నీడ తొక్కరు. గీ అరబ్బోడు మన గంజి తాగిండు. పో బిడ్డా" అన్నాడట.

ఇప్పుడు మువ్వలు.

నా తండ్రి, అతని తమ్ముడు వాకిట్లో ఆడుకునే వయసులో హైదరాబాద్ నుంచి ఆ సిపాయి చిన్నాయన వచ్చాడు. అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది. అతను తీసుకోలేదు. పిల్లలిద్దరినీ చూసి, అవద్ దిక్కు తిరిగి ఒకటే మాట అన్నాడు, "మువల్లద్". అవద్ తల వంచుకుని కాలి చెప్పు చూసుకున్నాడు. అప్పటికి అవ్వకు వాళ్ల మాట కొంచెం వచ్చు. మువల్లద్ అంటే కలగలుపు పుటక. నెత్తురు సక్కగ లేని పిల్లలు. వాకిట్లో బండ్లోల్లు నిలబడి ఉన్నారు. ఒకడు అడిగాడు, "ముసలాయన ఏమంటుండవ్వా?" అని. అవ్వ చెంబు కింద పెట్టి అన్నది, "మువ్వలట. మన ఎడ్లకు మువ్వలు లేవని అంటుండు. కట్టియ్యాలె."

పై వారం అంగడికి పోయి మువ్వలు నిజంగానే కొన్నది. తోళ్ల బండ్ల ఎడ్లన్నిటికీ కట్టింది. ఆ చప్పుడు పొలిమేరలో వినపడగానే జనం తోళ్లు పట్టుకుని బాట మీదికి వచ్చేవాళ్లు. ఇల్లిల్లూ తిరిగే పని పోయింది. ఇతర బండ్లు ఊళ్లోకి పోయేసరికి తోళ్లు మన బండిలో ఉండేవి. అంతలో జర్మనీ లడాయి వచ్చింది, సిపాయిల బూట్లకు తోలు ఎంత పంపినా చాలలేదు. ఇక్కడ మన మేడ లేచింది అప్పుడే. కామారెడ్డిలో స్టేషన్ దగ్గర గోదాము లేచింది అప్పుడే. నువ్వు ఇవాళ చీరలు అమ్మే గచ్చు కింద తోళ్ల గోదాము ఉంది, ముక్కు పెట్టి చూడు.

మువ్వలోల్లు అన్న పేరు గుర్రాల వల్ల కాదురా. ఒక తిట్టు వచ్చి ఇంటి మీద పడితే దాన్ని ఎద్దు మెడకు కట్టి ఊరంతా తిప్పింది మా అవ్వ. ఆమె గీతకు బయట ఉంది. గోడ జరుపు.

రుఖియా వేలిముద్ర

*

కామారెడ్డి
9 సెప్టెంబరు 2024

ఫుప్పుకు,

మీ ఉత్తరం దుకాణంలో విప్పాను, మొదటి పేజీ దాటగానే ఇంటికి తీసుకుపోయి తలుపు వేసుకుని చదివాను.

మీరు చెప్పిన కథ నిజమో కాదో నేను అడగను. నాన్న ఎప్పుడూ చెప్పలేదు. నిజమే అయినా, ఇవాళ దానివల్ల ఎవరికి మేలు? ఒక్కటి మాత్రం అడుగుతాను, కోప్పడకండి. ఈ మాటలన్నీ మీవేనా? ఏసయ్య చెలక ఖబ్రస్తాన్‌కు ఆనుకుని ఉంది. గోడ వాళ్ల గట్టు దాకా జరగాలని ఒక ఉత్తరం, మన ఆస్తి వాళ్ల కులపోళ్ల లందల్లోంచే వచ్చిందని ఇంకో ఉత్తరం. రాసేది ఏసయ్య కోడలు. మీరు చెప్పింది ఒకటి, ఆ అమ్మాయి రాసేది ఇంకొకటి అయితే మీకు తెలిసే దారి లేదు. రేపు ఈ ఉత్తరాలు చూపించి జాగలో వాటా అడిగితే నేనేం చేయాలి?

ఆ 'మువ' మాట ఇంకెప్పుడూ కాగితం మీద పెట్టించకండి. దాని బరువు మీకు తెలియదు. నాకు తెలుసు. పోయినేడు హైదరాబాద్‌లో ఖబీలా వాళ్ల పెళ్లికి పోయాను. అక్కడ ఒక పెద్ద పళ్లెం చుట్టూ అందరూ కూర్చుని కలిసి తింటారు. నేను కూర్చున్నాను. పక్కాయన మర్యాదగానే అడిగాడు, జిల్లాల్లో ఉన్నవాళ్ల తల్లుల వైపు ఎవరు అని. నేను అరబ్బులే అన్నాను. ఆయన నవ్వాడు. తర్వాత ఇద్దరు లేచి వేరే పళ్లెం దగ్గరికి పోయారు. నా ముందు అంత మాంసం ఉంది, చెయ్యి కడుక్కుని లేచాను. అక్కడే అనుకున్నాను, నా పిల్లలను ఎవరూ అట్లా అడగకూడదని. ఆ పుస్తకం అందుకే.

పెద్దలు వచ్చిన రోజు మీరు ఏమీ మాట్లాడకపోతే అదే నాకు పెద్ద దీవెన.

ఉమర్

*

ఎల్లారెడ్డి
17 సెప్టెంబరు 2024

ఉమర్‌కు,

నీ ఉత్తరం సుధారాణి తన మీద రాసిన ముక్కతో సహా గడగడా చదివింది. గొంతు మారలేదు. చదివి, పెన్ను మూసి, "అవ్వా, ఇంకెవలతోనన్న రాయించుకో" అన్నది. నేను పెన్ను తెరిచి దాని చేతిలో పెట్టాను. అందుకే ఈసారి అడుగున ఒక్కచోట కాదు, పేజీ పేజీకీ వేలు వేశాను. ఇంకు అయ్యేదాకా వేస్తాను. నా మాట నాదే అనడానికి ఇంకేం కావాలి నీకు?

ఏసయ్య తాత ఎవరో తెలుసా? సాలవ్వకు తోడబుట్టినవాడు. లందలో తోలు ఊనిచ్చి మీ ముత్తాత బండి నింపినవాడు. నువ్వు దొంగ అన్న పిల్ల అదే రక్తం ఇంట్లో మెట్టింది. వాళ్లు జాగ అడిగేవాళ్లే అయితే, మేడ లేచిననాడే అడిగి ఉండేవాళ్లు. అప్పుడు అడగలేదు. మేడ లేచినంక అవద్ సాబు వాళ్లను వాకిట్లోకి రానియ్యడం మానేశాడు. హైదరాబాద్ చుట్టాలు వస్తే అవ్వను పెరట్లోకి పంపేవాడు. ఎడ్ల మువ్వలు విప్పించాడు. ఒంటికి మళ్లీ అత్తరు పూసుకున్నాడు. అవ్వ పోయినప్పుడు నా తండ్రీ అతని తమ్ముడూ కలిసి ఆమెను ఒక చివరన పెట్టారు, నువ్వు ఇవాళ గీత బయటికి నెట్టావు. పని కొత్తగా నువ్వు మొదలుపెట్టింది కాదులే.

పళ్లెం సంగతి చదివినప్పుడు కొంచెంసేపు ఆపమన్నాను. నా తమ్ముని కొడుకు ముందు నుంచి లేచిపోయారు అంటే నాకూ కడుపు మండింది. కానీ బేటా, నీళ్ల చెంబు ముట్టనివాని మనుమలు అన్నం పళ్లెం దగ్గర కూర్చుంటారా? నువ్వు పళ్లెం మార్చుకోవాలి, ముత్తవ్వను కాదు.

నాకు బెదిరింపులు రావు. చెప్పి చేస్తాను. నీ పెద్దలు వచ్చి నా ముందు కూర్చున్న రోజు లందలు, గంజి, మువల్లద్, అన్నీ వరుసగా చెప్తాను. వాళ్లకు తెలుగు రాదంటావా, నాకు వాళ్ల మాట వస్తుంది. వద్దంటే రెండు పనులు చెయ్యి. గోడ సమాధికి అవతల కట్టు. గేటు దగ్గర వంశం పేరుతో నువ్వు పెట్టించబోయే రాయి మీద అవద్ సాబు పేరు పక్కన అతని ఇల్లాలి పేరు చెక్కించు. ఆ రెండూ జరిగితే నేను మూగదాన్ని.

రుఖియా వేలిముద్ర

*

కామారెడ్డి
3 నవంబరు 2024

ఫుప్పుకు ఉమర్ సలాం.

జవాబు ఆలస్యమైంది. చాలా ఆలోచించాను. హైదరాబాద్ పోయి ఖబీలా పెద్దలతో కూడా మాట్లాడి వచ్చాను.

మీరే గెలిచారు. గోడ మీరు చెప్పినట్టే అవతల నుంచి వస్తుంది. అరవింద్ గీత మార్చేశాడు, వంకర కనిపించకుండా మూల దగ్గర గుండ్రంగా తిప్పుతున్నాడు. రాయి మీద భార్య పేరు కూడా ఉంటుంది. పెద్దలకు అభ్యంతరం లేదు, పైగా భార్య పేరు లేని షజ్రా సగం షజ్రా అని వాళ్లే అన్నారు. ఆ చివరి సమాధిని కూడా బాగు చేయిస్తున్నాను.

సుధారాణి గురించి అట్లా రాసినందుకు క్షమించమని చెప్పండి. ఏసయ్యకు గట్టు దగ్గర పోయిన మొక్కజొన్న పైసలు ఇస్తానన్నాను, వద్దన్నాడు.

ఇక మీ మాట మీరు నిలబెట్టుకోవాలి. మీరు మాటంటే మాటే అని నాన్న చెప్పేవారు.

మీ
ఉమర్

*

ఎల్లారెడ్డి
19 జనవరి 2025

బేటా ఉమర్‌కు ఫుప్పు దీవెనలు. ఈసారి నిజంగానే.

నిన్న నువ్వు పెద్దలను కార్లు ఎక్కించే హడావిడిలో ఉన్నావు, మాట్లాడటం కుదరలేదు. మనసులో ఉండగానే చెప్పాలని పొద్దున్నే సుధారాణిని పిలిచాను.

చూశావు కదా, మాట నిలబెట్టుకున్నాను. ఆ గడ్డం పెద్దాయన కుర్చీ దగ్గరికి జరుపుకుని, "అమ్మా, మువ్వలు మోగేవా?" అని ఉర్దూలో అడిగాడు. "మోగేవి" అన్నాను. అబద్ధం కాదు కదా. "దూరం వరకు వినపడేవా?" అన్నాడు. "పొలిమేర దాకా" అన్నాను. ఆయన మురిసిపోయి మిగతావాళ్లకు చెప్పాడు. నాలుక మీదికి వచ్చిన మాటలన్నీ మింగాను. మింగడం నాకు అలవాటు లేదు, అన్నం సయించలేదు.

నువ్వు వాళ్లతో పాటు పళ్లెం దగ్గర కూర్చున్నావు. ఎవరూ లేవలేదు. నేను కిటికీలోంచి చూశాను.

వాళ్లు పోయాక ఖబ్రస్తాన్‌కు పోయాను. గోడ అవ్వకు అవతల ఉంది. సమాధి తెల్లగా, కొత్తగా ఉంది. దాని మీద రాయి, గేటు దగ్గర రాయి, రెండింటికీ చెయ్యి వేసి చూశాను. చదువు రాని చేతికి అక్షరం గరుకుగా తగులుతుంది, అంతే. ఆ గరుకే చాలనిపించింది. నాయనమ్మ పేరు రాయిలో తవ్వి ఉంది, ఇక ఎవరు పెరట్లోకి పంపుతారు అనుకుని అక్కడే కూర్చుండిపోయాను. ఏసయ్య వచ్చి లేపి తీసుకొచ్చాడు. "ఇప్పుడు సల్లవడ్డవా వదినా?" అన్నాడు. చల్లబడ్డాను అన్నాను.

నిన్ను చాలా అన్నాను. మనసులో పెట్టుకోకు. నీ పిల్లలు చల్లగుండాలి.

రుఖియా వేలిముద్ర

*

కామారెడ్డి
2 ఫిబ్రవరి 2025

ప్రియమైన ఫుప్పుకు,

మీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. మీరు దీవించడం మా పిల్లలు మొదటిసారి విన్నారు.

శుభవార్త. జమాత్ మనల్ని కలుపుకుంది. షజ్రాలో అవద్ సాబు కింద మన కొమ్మ మొత్తం ఎక్కించారు. పుస్తకం మళ్లీ అచ్చు వేయిస్తున్నాను, పెద్దల మధ్య మీరు కూర్చున్న ఫోటో మొదటి పేజీలో వస్తుంది.

రాయి మీద ఏముందో మీకు చెప్పలేదు కదా. అది అరబీలో ఉంది, నాకూ చదవరాదు. మౌల్వీ సాబు తెలుగులో చెప్పిన అర్థం రాస్తున్నాను, సుధారాణితో చదివించుకోండి: 'హద్రమౌత్ నుంచి వచ్చిన వర్తకుడు అవద్ బిన్ ముబారక్, ఆయన ధర్మపత్ని, అదే దేశపు కులీన స్త్రీ ఫాతిమా, ఈ నేలలో విశ్రమిస్తున్నారు.' మీరు అడిగినట్టే భార్య పేరు. నికా పేరు ఎవరికీ గుర్తు లేదని మీరే రాశారు, పెద్దలను అడిగితే వాళ్ల పాత షజ్రాలో అవద్ సాబు పేరు పక్కన ఫాతిమా అనే పేరు ఉందని చెప్పారు. అదే అయి ఉంటుంది. చివరి సమాధి మీద కూడా అదే పేరు చెక్కించాం. ఇక ఆమెను ఎవరూ పనిమనిషి అనరు.

వేసవిలో పిల్లలను తీసుకుని వస్తాను.

మీ
ఉమర్

*

ఎల్లారెడ్డి
11 ఫిబ్రవరి 2025

ఉమర్‌కు.

సలాం లేదు. సుధారాణికి చెప్పిన, ఇయ్యాల దిద్దకు, నేనెట్లంటె గట్లనే రాయి అని.

నీ ఉత్తరం అది సదువుకుంట సదువుకుంట నడుమల ఆగింది. ఏమైందే అన్న. నీళ్లు తాగొస్త అని లేసి పోయింది, ఆ పొద్దు మల్ల రాలె. ఏసయ్యను పిలిచి మిగిలింది సదువుమన్న. ఆయన బైబిల్ సదివినట్టు గట్టిగ సదివిండు. ఫాతిమా అన్నడు. ఇంకోపాలి సదువుమన్న. ఇంకోపాలి గూడ ఫాతిమానే.

ఫాతిమా ఎవలో ఎర్కనా నీకు? అవద్ సాబు తల్లి. లంద కొట్టంల జరంతోని పండినప్పుడు ఆయిన ఫాతిమా, ఫాతిమా అని ఒర్రెటోడట. దేశంల పెండ్లాం ఉన్నట్టున్నది అనుకొని మా అవ్వ గంజి పోసుకుంట పోసుకుంట ఏడ్చిందట. అప్పటికే మనసు పడ్డది మరి. ఆయినకు జర మాట వచ్చినంక చెప్పిండట, నా తల్లి పేరు అని. మల్ల చూడని తల్లి. మీ పెద్దల కాయితంల ఆయిన పేరు పక్కకు ఆ పేరు ఎందుకున్నదో ఎవ్వలన్న సోంచాయించిండ్రా? కొడుకు పేరు పక్కకు తల్లి పేరు రాసుకున్నరు. నువ్వు ఆమెను తెచ్చి పెండ్లాన్ని చేసినవు. నెత్తురు సక్కగ చేస్తనని బయలెల్లి తల్లినీ కొడుకునూ ఆలుమగలను చేసినవు. మువల్లద్ అన్నోడు గూడ గంత మాట అనలె.

నేను ఇల్లాలి పేరు పెట్టుమన్న. నువ్వు ఇల్లాలినే మార్చినవు. తెలిసి చేసినవా తెల్వక చేసినవా అని ఏసయ్య అడిగిండు. తెల్వకనే అయి ఉంటది అన్న. తెలుసుకోవద్దు అనుకున్నోనికి తెల్వకపోవుడు అల్కగనే వస్తది.

నా నోరు నీకు అమ్ముకున్న. మోగేవి అన్న, పొలిమేర దాక అన్న, ఊకున్న. దానికి నువ్విచ్చిన సరుకు గిది. ఆ రాయి మీద చెయ్యేసి కూసున్న గదరా. ఎవలో తెల్వని అక్షరాలను మా అవ్వ అనుకొని నిమిరిన.

బయట ఉన్నన్ని దినాలు మా అవ్వకు పేరు లేదు గాని, ఆమె ఆమెనే. ఇప్పుడు లోపలికొచ్చింది, ఇంకొకామె అయ్యింది. రాయి తియ్యి అని అడుగ. అడిగి అడిగి గిక్కడిదాక తెచ్చుకున్న. నువ్వు తీసినా ఇంకోటి పెడ్తవు, దాని మీద ఏముంటదో నాకు సదువరాదు, నీకు సదువరాదు.

ఒక్కటి చెప్త. గిది అడుగుడు గాదు.

నేను పోతె నన్ను గోడ లోపట పెట్టకు. ఏసయ్య తన చెలకల, గోడకు ఆనుకొని జాగ చూపించిండు. సాలవ్వ అన్న దున్నిన చెలక అది. కొడుకులతోని గూడ మాట్లాడిండు, అందరు ఒప్పుకున్నరు. మజీదు పెద్దమనిషిని పిలిచి అడిగిన, మన్ను ఎవలదైన మన్నే అన్నడు. కఫన్ బట్ట నువ్వే తే, నమాజు సదివించు, నేను ముసల్మాన్నే. ఖుదాతోని నాకు పేచీ లేదు, నీతోనే ఉన్నది. మోసెటప్పుడు భుజం పట్టాలనుకుంటె పట్టు. గేటు దాక వచ్చి లోపలికి తిరుగకు, గంతే. ఎడమకు తిరుగాలె, చెలకలకు.

మంది అడుగుతరు. గంత పెద్ద గోడ కట్టుకున్నోల్లు ఇంటి ముసలిదాన్ని బయట ఎందుకు పెట్టిన్రు అని, ఇయ్యాల గాకుంటె రేపు ఎవలో ఒకలు అడుగుతరు. నీ జమాతోల్లు గూడ అడుగుతరు. నువ్వేం చెప్పకు, నీకు రాదు. చెలకల పని చేసుకునేటోల్లు చెప్తరు. ఈమె సాలవ్వ మనుమరాలు, సాలవ్వ గోడ లోపట ఉన్నది అని.

రుఖియా వేలిముద్ర